బడిలో తప్పెట మోగాలంటే ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి

ముందు నేను చేసిన తప్పు చెప్పేస్తాను, మీరు చెయ్యకుండా ఉంటారు. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ళ హైస్కూల్లో పాటా ఆటా ఏమీ లేవని నాలుగు పేజీల అర్జీ రాసి పట్టుకెళ్ళాను. మనోవికాసం, సృజనాత్మకత, సర్వతోముఖాభివృద్ధి, ఇలాంటి మాటలన్నీ అందులో పడ్డాయి. హెచ్‌ఎం గారు రెండో పేజీ దాకా కూడా వెళ్ళలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "బాబూ, టెన్త్‌లో ఒక్క గుంటడు ఫెయిలైతే సంజాయిషీ రాసుకోవలసింది మీరా, నేనా?" అన్నారు.

ఆయన తప్పేం లేదు. పై నుంచి ఎవరొచ్చినా ఆయన్ని అడిగేది పాస్ పర్సెంటేజీ ఒక్కటే. కాబట్టి ఆయన టెన్షన్ పడకుండా సరే అనగలిగే కోరికతో వెళ్ళాలి. "బడిలో కళలు ఉండాలి" అనేది ఎవరూ కాదనరు, ఎవరూ చెయ్యరు కూడా. "వచ్చే నెల ఒక శనివారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు ఇవ్వండి, మనిషిని మేం తీసుకొస్తాం, ఖర్చు మాది" అంటే మాత్రం అవునో కాదో చెప్పక తప్పదు. రెండోసారి నేను అలాగే అడిగాను. అయిదు నిమిషాల్లో ఒప్పుకున్నారు.

అడగడానికి వెళ్ళే ముందు టైంటేబుల్ ఒకసారి చూడండి. చాలా బళ్ళలో ఆర్ట్ పీరియడ్ కాగితం మీద ఉంటుంది, అయితే నవంబరు వచ్చేసరికి దాన్ని మ్యాథ్సో ఫిజిక్సో మింగేస్తాయి. మీ పిల్లల్నే అడగండి, ఏ పీరియడ్‌లో ఎవరొస్తున్నారో వాళ్ళకంటే బాగా ఎవరికీ తెలీదు. కాగితం మీద ఉంటే మీ పని సగం తేలికైనట్టే, ఎందుకంటే కొత్తగా ఏమీ అడగడం లేదు, ఉన్నదాన్ని నడపమంటున్నారు.

చట్టం గురించి రెండు ముక్కలు తెలుసుకుని వెళ్ళండి, కానీ మొదటి రోజే దాన్ని బయటికి తియ్యకండి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల దగ్గర స్పష్టంగా ఉంది: పిల్లలు వందకు మించి ఉంటే కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్ టైం బోధకులుండాలి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడో ఒకప్పుడు పిల్లలందరికీ పది రోజులు పుస్తకాల సంచి లేకుండా చేతిపనులు నేర్పమంటుంది, ఊళ్ళోని వడ్రంగి, కుమ్మరి, కళాకారుల దగ్గరికి పంపమంటుంది. అంటే మీరు అడుగుతున్నది దయా దాక్షిణ్యం కాదు. అదే చట్టం ప్రకారం ఎయిడెడ్, ప్రభుత్వ బళ్ళ యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఈ కమిటీ మీటింగుకు వెళ్ళేవాళ్ళు తక్కువ. వెళ్ళండి. టీ బిస్కెట్లు ఉంటాయి, అర్ధగంటలో అయిపోతుంది, మన మాట రిజిస్టర్లోకి ఎక్కేది అక్కడే.

ఇక మనిషిని వెతకడం. ఇది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అంత కష్టం కాదు. ఛాతీ మీద తప్పెట వాయిస్తూ గజ్జెలతో తప్పెటగుళ్ళు ఆడే బృందాలు ఇక్కడి పల్లెల్లో ఇంకా ఉన్నాయి. జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పేవాళ్ళు, తూర్పు భాగవతం నాటకం వేసేవాళ్ళు, చెక్క చిడతలతో చెక్కభజన నేర్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఫేస్‌బుక్‌లో దొరకరు. మీ మండలంలో పోయిన జాతరకి ఎవర్ని పిలిచారో జాతర కమిటీ పెద్దని అడగండి, ఫోన్ నంబర్ ఆయన జేబు డైరీలో ఉంటుంది. సంగీతం కావాలంటే విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ఉంది. 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అక్కడ చదువుకునే కుర్రాళ్ళు నెలకోసారి బడికి వచ్చి గంట పాడటానికి మొగ్గు చూపుతారు, అడిగేవాళ్ళు లేకపోవడమే లోటు. బొబ్బిలి వైపు వాళ్ళైతే పిల్లల్ని గొల్లపల్లి తీసుకెళ్ళండి, పనస దుంగలోంచి వీణ ఎలా వస్తుందో ఒక్క పూట చూపిస్తే చాలు, ఆ ఉలి చప్పుడు ముందు మనం చెప్పే ఉపన్యాసం దండగ. సరవకోట దగ్గర బూడితి ఇత్తడి పని కూడా అంతే. బొమ్మలకైతే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్ళు ప్రతి మండలంలోనూ ఒకరిద్దరు ఉంటారు.

మేం పిలిచింది తప్పెటగుళ్ళ గురువుగారిని. అరవై దాటిన మనిషి. ఫోన్లో విషయం చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "బడిలో మా ఆట ఏటి బాబూ?" అన్నాడు. రెండుసార్లు ఇంటికెళ్ళి అడిగితే గానీ నమ్మలేదు.

ఆ రోజు సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు ఏర్పాట్లు చేసేటప్పుడు పనికొస్తుంది. తప్పెట అంటే ఛాతీ మీద వేలాడే గుండ్రటి రేకు వాయిద్యం, రెండు చేతులతో వాయిస్తారు, కాళ్ళకి గజ్జెలు. ఆయన దగ్గర ఉన్నవి మూడే తప్పెటలు, పిల్లలు నలభై రెండు మంది. మాకు ముందు తట్టలేదు. ఆయన చుట్టూ చూసి మధ్యాహ్న భోజనం పళ్ళేలు తెమ్మన్నాడు. అయితే పళ్ళెం వెంటనే చేతికివ్వలేదు. మొదట దరువు నోటితో పలికించాడు, పది నిమిషాలు అదే. తర్వాత తొడ మీద. "నోటికి రాందే సేతికి రాదు" అంటూ ఒక్కొక్కడి దగ్గరా ఆగి విన్నాడు. దరువులో ఏడు మాత్రలు లెక్కపెట్టలేక తడబడుతున్న కుర్రాణ్ణి వదలకుండా పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. పళ్ళేలు చేతికొచ్చేసరికి బడి అదిరిపోయింది, పక్క గదిలో టెన్త్ స్లిప్ టెస్ట్ రాస్తున్నవాళ్ళు కిటికీల్లోంచి తొంగి చూశారు, ఇన్విజిలేటర్ మాస్టారు కూడా. నాలుగు పళ్ళేలకి సొట్టలు పడ్డాయి. వంటమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. మీరు మాత్రం పాత నూనె డబ్బాల మూతలు ముందే పోగు చేసుకోండి, పరీక్షలు లేని శనివారం చూసుకోండి.

డబ్బు గురించి మొహమాటం వద్దు. శాలువా కప్పి, ఫోటో తీసి, కొబ్బరికాయ చేతిలో పెట్టి పంపించెయ్యడం మన దగ్గర పెద్ద జబ్బు. ఆ పూట ఆయన కూలి పని మానుకుని వచ్చాడు. మేం ఇరవై మంది తల్లిదండ్రులం తలా వంద వేసుకుని ఆటో ఛార్జీ, భోజనం పోగా పదిహేను వందలు కవర్లో పెట్టి ఇచ్చాం. తక్కువే. ఇవ్వడం మాత్రం తప్పనిసరి, పిల్లల ముందే ఇవ్వాలి, ఈ విద్యకి విలువ ఉందని వాళ్ళకి అలా తెలుస్తుంది. ఇది కొత్త ఆనవాయితీ కూడా కాదు. ఘంటసాల గారు విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో మాధుకరం తెచ్చుకుని తిని చదువుకున్నారు. అంటే అప్పట్లో ఈ ఊరి ఇళ్ళు జోలెలో అన్నం వేసి ఒక పాటగాణ్ణి చదివించాయి. మనల్ని అడుగుతున్నది వంద రూపాయలు.

ఇప్పుడు ఎదురయ్యే అభ్యంతరాలు. మార్కుల మాట అందరూ అంటారు, దానికి జవాబు శనివారం మధ్యాహ్నమే, అంతకు మించి వాదించకండి. దేవుడి పాటలు కదా, వేరే మతం పిల్లలు ఉన్నారు కదా అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. గురువుగారితో ముందే మాట్లాడి దరువు, అడుగు, పొలం పనుల పాటలు నేర్పమన్నాం, ఆయనకి అవి బోలెడు వచ్చు. అసలు చిక్కు కులం. "మా పిల్లకి ఫలానా కులం ఆట ఎందుకండీ, భరతనాట్యం పెట్టించండి" అని ఒకావిడ మొహం మీదే అన్నారు. తప్పెటగుళ్ళు గొల్లవాళ్ళ ఆట, అందులో దాచాల్సింది ఏమీ లేదు. నేను కోప్పడ్డాను, పని చెడింది, ఆవిడ మరో ముగ్గుర్ని కూడగట్టారు. మా ఆవిడ వెళ్ళి, "భరతనాట్యం కూడా పెడదాం వదినా, టీచర్ని మీరు వెతకండి" అంది. వెతికారు! పట్నం నుంచి వచ్చే టీచర్ ఆటో ఖర్చే భారీగా తేలడంతో ఆ మాట అక్కడితో ఆగింది, ఆవిడ కూతురు మాత్రం ఇప్పుడు ముందు వరసలో ఆడుతుంది. ఇది మగాళ్ళ ఆట కదా అని ఆడపిల్లల్ని పక్కన కూర్చోబెట్టాలని చూసినవాళ్ళూ ఉన్నారు. గురువుగారినే అడిగాం. "కాళ్ళున్నాయి కదా" అన్నాడు.

వేడుక సంగతి. బడి వార్షికోత్సవంలో సినిమా పాటకి డ్రెస్సులు అద్దెకి తెచ్చి డీజే బాక్సుల ముందు గంతులేయించడాన్ని కళావిద్య అనుకోకండి. అది సరదా, తప్పు లేదు, కానీ దాని తర్వాత పిల్లలకి ఏమీ మిగలదు. యునెస్కో ప్రకటించిన అంతర్జాతీయ కళావిద్యా వారోత్సవం మే నెల నాలుగో వారంలో వస్తుంది, అప్పటికి మన బళ్ళకి తాళాలు, బయట నిప్పుల కొలిమి. దాన్ని పల్లెలో వేసవి శిబిరానికి వాడుకోవచ్చు, రామాలయం అరుగో గ్రంథాలయం హాలో దొరికితే ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు. బడికైతే మనకి వేరే రోజులున్నాయి. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం, ఆయన మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవారే. సెప్టెంబరు 21 గురజాడ పుట్టినరోజు. బడి ఎలాగూ ఏదో ఒకటి చెయ్యాల్సిన రోజులవి, దండలు వేసి ఉపన్యాసం ఇచ్చే బదులు నేర్చుకున్నది ఆడించమనండి. అరగంట చాలు. సర్పంచి గారిని, పక్క ఊరి హెచ్‌ఎం గారిని పిలవండి, వేదిక మీదకి కాదు, ముందు వరసలోకి. మాట్లాడమని మైకు ఇస్తే పిల్లలు ఎండలో నిలబడాల్సి వస్తుంది.

అది అయిన వారంలోనే, వేడి చల్లారకముందే, పీరియడ్ అడగండి. కాగితం మీద అడగండి. నా నాలుగు పేజీల బదులు రెండోసారి రాసింది ఇంతే:

"ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారాలు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల టైంటేబుల్లో ఉన్న ఆర్ట్ పీరియడ్‌ను వారానికి ఒకటి చొప్పున, శనివారం చివరి పీరియడ్‌గా నడపవలసిందిగా కోరుతున్నాం. నేర్పే మనిషిని, వారి భత్యాన్ని ఈ ఏడాదికి తల్లిదండ్రులం చూసుకుంటాం. వచ్చే ఏడాది నుంచి విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం పార్ట్ టైం బోధకుని కోసం ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి రాయవలసిందిగా మనవి. ఈ విషయాన్ని కమిటీ మీటింగు మినిట్స్‌లో నమోదు చేయగలరు."

కింద ముప్పయ్యారు సంతకాలు, పదకొండు వేలిముద్రలు. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద బడి ముద్ర, తేదీ వేయించుకోండి. చట్టం మాట ఇక్కడ బయటికి తియ్యొచ్చు, ఎందుకంటే ఇప్పుడది బెదిరింపులా వినపడదు, ఆయన పై అధికారికి రాయడానికి ఒక ఆధారంలా ఉంటుంది. ఎంఈఓ ఆఫీసు నుంచి జవాబు రావడానికి మాకు ఏడు నెలలు పట్టింది, అది కూడా "పరిశీలిస్తాం" అని. ఆ లోపు తలా వందతో నడిపాం, రెండు నెలలు డబ్బు సరిపోక ఆగింది కూడా.

అన్నిటికంటే ముఖ్యం ఆ మినిట్స్. మరుసటి జూన్‌లో ఆ హెచ్‌ఎం గారికి బదిలీ అయింది. కొత్తాయన వచ్చిన మొదటి వారమే శనివారం చివరి పీరియడ్‌ని టెన్త్ స్పెషల్ క్లాసుకి ఇచ్చేశారు, గురువుగారు గజ్జెల సంచితో గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడు. సోమవారం నేనూ, ముందు వరస అమ్మాయి వాళ్ళమ్మా వెళ్ళాం. రిజిస్టర్ తెరిచి పేజీ చూపించాం. ఆయన రెండుసార్లు చదువుకుని, సంతకాలు చూసి, "శనివారం కాకపోతే శుక్రవారం కుదురుతుందా ఆయనకి?" అని అడిగారు. కుదిరింది.