ఎముకకు బలం, 3వ పాఠం: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం

పోయిన పాఠంలో కిటికీ ఊచలు పట్టుకుని మడమలు పైకెత్తడం నేర్చుకున్నాం. మొదట్లో పిక్కల్లో ఉన్న సలుపు ఈపాటికి తగ్గి ఉండాలి. తగ్గకపోతే ఇంకో వారం అక్కడే ఉండండి, తొందరేం లేదు.

ఈసారి కుర్చీ. మా బాబాయికి 71 ఏళ్లు. రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడుస్తారు. "ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బురా, నాకెందుకు" అనేవారు. ఒకరోజు ఆయన సోఫాలోంచి లేవడం గమనించాను. రెండు చేతులూ మోకాళ్ల మీద మోపి, ముందుకి ఊగి, "అమ్మా" అంటూ లేచి, కాసేపు ఆగి, అప్పుడు అడుగు వేశారు.

నడక గుండెకి మంచిదే. ఎముక గట్టిపడాలంటే మాత్రం అలవాటైన దానికన్నా కాస్త ఎక్కువ బరువు పడాలి, కండరం దాన్ని గట్టిగా లాగాలి. పైగా తుంటి విరిగాక ఏడాదిలోపు చనిపోయే ప్రమాదం ఆడవాళ్ల కన్నా మగవాళ్లకే ఎక్కువ. ఈ ముక్క చెప్పాకే బాబాయి కుర్చీ తెచ్చుకున్నారు.

ముందు చిన్న పరీక్ష. 17 అంగుళాల ఎత్తున్న గట్టి కుర్చీని గోడకి ఆనించండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. చేతులు రొమ్ము మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా నిలబడి కూర్చోగలరో ఇంట్లో ఎవరినైనా లెక్కపెట్టమనండి. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లకి 14, 65 నుంచి 74 వరకు 12, 75 నుంచి 79 వరకు 11. అంతకన్నా తక్కువ వస్తే కాళ్లలో పట్టు తగ్గినట్టే, పడిపోయే ప్రమాదం ఉన్నట్టే. బాబాయికి 9 వచ్చింది. కుర్చీ పొట్టిదన్నారు.

ఇప్పుడు అసలు పని. కుర్చీ అంచుకి జరగండి. పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి ఉండాలి. వీపు గూనిగా వంచకుండా తుంటి దగ్గర ముందుకి వంగండి. ముక్కు కాలివేళ్ల పైకి వచ్చాక మడమలతో నేలని తొక్కి లేవండి. లేస్తూ ఊపిరి వదలాలి, బిగబడితే బీపీ పెరుగుతుంది. దిగేటప్పుడు మనసులో నాలుగు లెక్కపెట్టండి. చాలామంది ఇక్కడే ధబ్బున కూలబడతారు, సగం లాభం అక్కడే పోతుంది. 8 సార్లు ఒక విడత, రోజు విడిచి రోజు రెండు విడతలు. తేలికైపోయాక కిలో కందిపప్పు ప్యాకెట్ రొమ్ముకి హత్తుకుని చేయండి.

వయసులో ఉన్నప్పటి ఎత్తు కన్నా 4 సెంటీమీటర్లు తగ్గినవాళ్లు, ఆస్తమాకో కీళ్లవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లు బరువు పట్టుకునే ముందు డాక్టర్‌ని కలిసి డెక్సా స్కాన్ (ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే ఎక్స్‌రే పరీక్ష) సంగతి అడగండి. మోకాళ్లు వంచకుండా ముందుకి వంగి కాలివేళ్లు అందుకునే వ్యాయామాలు వీళ్లకి అసలు వద్దు, వెన్నుపూస నలుగుతుంది.

ఇక తిండి. రోజుకి 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది, నిజమే. కానీ గ్లాసు జావలో మనం కలిపేది 20 గ్రాముల పిండి, అంటే 70. జావ తాగేసి ఈపూటకి కాల్షియం అయిపోయిందనుకుంటే ఎలా? రాగి సంగటి అయితే వేరే లెక్క. గ్లాసు పాలు, లేదా అంత పెరుగు, 240 దాకా ఇస్తుంది. ఆకుకూరల్లో మునగాకు మేలు. పాలకూరలో ఉన్న కాల్షియాన్ని అందులోని ఆక్సలేట్ ఒంటికి పట్టనివ్వదు. ఊరగాయలో ఉప్పు ఎక్కువైతే కాల్షియం మూత్రంలో పోతుంది, కాబట్టి ఆవకాయ ఒక ముక్కతో ఆపండి. కండరానికి మాంసకృత్తులూ కావాలి. పల్చటి పప్పుచారుతో సరిపెట్టకుండా ముద్దపప్పు, గుడ్డు, చేప, ఏది కుదిరితే అది.

రెండు వారాలయ్యాక పరీక్ష మళ్లీ చేసి, రెండు అంకెలూ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. వచ్చే పాఠం ఒంటికాలి మీద నిలబడటం. కుర్చీని గోడ దగ్గరే ఉంచండి, పట్టుకోవడానికి కావాలి.