రిపేర్ కమాండ్ కొట్టే ముందు: హోమ్ సర్వర్‌లో ఫైల్ సిస్టమ్ దెబ్బతిన్నప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

లినక్స్‌తో నడిచే హోమ్ సర్వర్ రీస్టార్ట్ అయింది, కానీ ఇంట్లో ఎవరికీ షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు. లాగిన్ అయి చూస్తే ఫొటోలు ఉండాల్సిన చోట ఖాళీ. డిస్కును మౌంట్ చేయబోతే (వాడకానికి సిస్టమ్‌కి తగిలించబోతే) ‘స్ట్రక్చర్ నీడ్స్ క్లీనింగ్’ అనో ‘బ్యాడ్ సూపర్‌బ్లాక్’ అనో ఒక్క ముక్క చెప్పి ఆగిపోతోంది. గుండెల్లో రాయి పడ్డట్టు అవుతుంది. వెంటనే ఏదో ఒకటి చేసేయాలనిపిస్తుంది. వెతకగానే దొరికే మొదటి సలహా కూడా అలాంటిదే: ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ని తనిఖీ చేసి సరిచేసే కమాండ్) కొట్టండి, అడిగినవాటన్నిటికీ ఎస్ అనండి.

దయచేసి ఆ పని ఇప్పుడే చేయకండి. దెబ్బతిన్న డిస్కు మీద కొత్తగా ఒక్క అక్షరం కూడా రాయకముందే దాని పూర్తి కాపీ తీసుకోండి. ఈ వ్యాసంలో మిగతాదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

ఎఫ్‌ఎస్‌సీకే మీ ఫైళ్లను కాపాడే ప్రోగ్రామ్ అని చాలామంది అనుకుంటారు. దాని పని అది కాదు. ఫైల్ సిస్టమ్ (ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో రాసుకునే ఏర్పాటు) లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోయేలా చేయడం దాని పని. ఒక ఐనోడ్ (ఒక్కో ఫైలుకూ ఉండే వివరాల రికార్డు) ఈ బ్లాకులు నావి అంటుంది, ఇంకో ఐనోడ్ కూడా అవే నావి అంటుంది. ఎక్కడో ఒక డైరెక్టరీ ఎంట్రీ లేని ఐనోడ్‌ను చూపిస్తుంది. అర్థం కానిదాన్ని కొట్టేసో, విడదీసో, పక్కన పడేసో లెక్క తేలుస్తుంది. లెక్క తేలాక ఫైల్ సిస్టమ్ శుభ్రంగా మౌంట్ అవుతుంది. అందులో మీ ఫైళ్లు మిగిలాయా లేదా అన్నది దానికి పట్టదు.

ఇది నాకు అనుభవం మీదే తెలిసింది. నాది మూడు డిస్కుల రెయిడ్ 5 (డిస్కులను ఒకటిగా కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా చేసే అమరిక). ఒక డిస్కు కొన్ని వారాల ముందే గుంపులోంచి జారిపోయింది. హెచ్చరిక మెయిల్స్ సెట్ చేసుకోలేదు కాబట్టి నాకు తెలియలేదు, మిగిలిన రెండిటితో సర్వర్ నడుస్తూనే ఉంది. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చాక ఇంకో డిస్కు కూడా కనపడలేదు. కంగారులో రెయిడ్‌ని నడిపే ఎండీఏడీఎం కమాండ్‌కి ‘ఫోర్స్’ ఆప్షన్ ఇచ్చి, బాగున్న డిస్కునీ వారాల క్రితం జారిపోయిన డిస్కునీ కలిపేశాను. రెయిడ్ లేచింది, కానీ ఫైల్ సిస్టమ్ మౌంట్ కాలేదు. ఎఫ్‌ఎస్‌సీకే నడిపి అన్నిటికీ ఎస్ చెప్పాను. స్క్రీన్ మీద ఐనోడ్ నంబర్లు, పక్కనే ‘క్లియర్? ఎస్’, ‘క్లియర్? ఎస్’ అంటూ నలభై నిమిషాలు వరసలు పారుతూనే ఉన్నాయి. చివరికి మిగిలింది లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్. అందులో హ్యాష్ గుర్తు, ఒక నంబరు తప్ప పేరే లేని వేల ఫైళ్లు. పాప పుట్టినప్పటి ఫొటో ఒకటి తెరిస్తే పై సగం ముఖం, కింది సగం బూడిద రంగు పలక.

మర్నాడు చూస్తే, ఆ రాత్రి కనపడని డిస్కుకు ఏ జబ్బూ లేదు. కేబుల్ వదులైంది, అంతే. నేను ఏమీ ముట్టుకోకుండా కేబుల్ సరిచేసి ఉంటే ఒక్క ఫైలూ పోయేది కాదు. కానీ అప్పటికే ఎఫ్‌ఎస్‌సీకే బాగున్న డిస్కు మీద కూడా రాసేసింది. ఇక వెనక్కి వెళ్లే దారి లేదు.

ముందు అన్నీ ఆపండి

డిస్కు నుంచి టక్ టక్ అనో, గీరుతున్నట్టో శబ్దం వస్తుంటే ఇక్కడే ఆగండి. పవర్ తీసేయండి, మళ్లీ ఆన్ చేయకండి. అది డేటా రికవరీ ల్యాబ్‌కి వెళ్లాల్సిన డిస్కు. తిరిగే ప్రతి నిమిషం దాని ప్లేట్ల మీద గీత పడే ప్రమాదం ఉంది.

శబ్దం లేకపోతే, రీస్టార్ట్ చేయకముందే డీమెసేజ్ కమాండ్‌లో కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) ఏం చెప్పిందో పూర్తిగా వేరే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. కారణం తరచుగా అక్కడే ఉంటుంది, రీస్టార్ట్ చేస్తే పోవచ్చు. తర్వాత ఆ డిస్కుల మీద రాసే సర్వీసులన్నీ ఆపండి: ఫోన్ల ఆటో బ్యాకప్, టొరెంట్, కెమెరా రికార్డింగ్, డేటాబేస్, క్రాన్ జాబ్‌లు (టైమ్ ప్రకారం వాటంతటవే నడిచే పనులు). ఎస్‌ఎస్‌డీ అయితే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ టైమర్‌ను ఆపడం మర్చిపోవద్దు. ఖాళీ అనుకున్న బ్లాకులను ట్రిమ్ చేశాక (చెరిపేయమని ఎస్‌ఎస్‌డీకి చెప్పాక) వాటిలోని పాత డేటాను తిరిగి తేవడం దాదాపు అసాధ్యం.

బూట్ అయిన ప్రతిసారీ సిస్టమ్ తనంతట తానే ఎఫ్‌ఎస్‌సీకే నడపవచ్చు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు మౌంట్ కావాలో ఉండే ఫైల్‌లో) ఆ డిస్కు లైన్‌ను కామెంట్ చేసేయండి. రెడీమేడ్ స్టోరేజ్ బాక్స్ అయితే స్క్రీన్ మీద ‘రిపేర్’, ‘ఇనీషియలైజ్’ బటన్లు కనిపిస్తాయి. రెండోది నొక్కితే కొత్త ఫైల్ సిస్టమ్ తయారవుతుంది. దేన్నీ నొక్కకండి.

జబ్బు ఎక్కడుందో చూడండి

పాడైంది ఫైల్ సిస్టమే అని ముందే నిర్ణయించుకోవద్దు. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో ప్రతి డిస్కు ఆరోగ్య రిపోర్టు తీయండి. 5, 197, 198 నంబర్ల వరసలు చూడండి: మార్చేసిన సెక్టార్లు, చదవలేక వాయిదాలో ఉన్న సెక్టార్లు, సరిచేయలేని సెక్టార్లు. ఇవి పెరుగుతుంటే డిస్కే చనిపోతోంది. 199 (కేబుల్ దారిలో వచ్చే తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతుంటే సాధారణంగా అనుమానించాల్సింది కేబుల్‌ని.

ర్యామ్‌ని ఎవరూ అనుమానించరు, నేను మాత్రం తప్పకుండా అనుమానిస్తాను. ర్యామ్‌లో తప్పుంటే ఎఫ్‌ఎస్‌సీకే బాగున్నదాన్ని కూడా పాడైనట్టు చదివి, ‘సరిచేసి’ డిస్కు మీద రాస్తుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను ఒక రాత్రంతా నడవనివ్వండి. అంతకంటే మేలు, డిస్కులు తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించడం. అలా తీసేముందు ఏ బేలో ఏ డిస్కు ఉందో సీరియల్ నంబరుతో సహా కాగితం మీద రాసి, ఫొటో తీసి పెట్టుకోండి.

కాపీ తీయడం

దీనికి వాడాల్సింది జీఎన్‌యూ డీడీరెస్క్యూ. మామూలు కాపీ కమాండ్ డీడీ చదవలేని సెక్టార్ తగలగానే ఆగిపోతుంది. డీడీరెస్క్యూ దాన్ని పక్కన పెట్టి ముందుకెళ్తుంది, ఎక్కడెక్కడ చదవలేకపోయిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. మ్యాప్ ఫైల్ ఉంటే మధ్యలో ఆగినా అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు. అందుకే దాన్ని పాత డిస్కు మీదా, కాపీ పడుతున్న డిస్కు మీదా కాకుండా మూడో చోట పెట్టండి.

మొదటి విడత ‘మైనస్ ఎన్’ ఆప్షన్‌తో నడపండి. సులువుగా వచ్చేదంతా ముందు వచ్చేస్తుంది, చెడ్డ చోట్ల గీకుతూ కూర్చోదు. ఆ తర్వాతే ‘మైనస్ ఆర్ 3’ ఇచ్చి మొండి సెక్టార్లను మూడుసార్లు ప్రయత్నించమనండి. బలహీనమైన డిస్కుకు ఉన్న కాస్త ఆయుష్షు ముందు మంచి డేటా కోసం ఖర్చు కావాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇక్కడ ఇంకొకటి ఉంది. డీడీరెస్క్యూలో మొదట మూలం, తర్వాత గమ్యం. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ డేటా మీద పడుతుంది. పైగా ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు ప్రతి బూట్‌కీ మారిపోవచ్చు. కాబట్టి ఆ పేర్లు నమ్మకండి. ‘బై ఐడీ’ ఫోల్డర్‌లో మోడల్, సీరియల్ నంబర్లతో ఉన్న పేర్లే వాడండి, వాటిని డిస్కు మీద అంటించిన లేబుల్‌తో పోల్చి చూడండి. మూలం డిస్కుకి ముందుగా బ్లాక్‌డెవ్ ‘సెట్ ఆర్‌ఓ’ కొట్టి రీడ్ ఓన్లీ చేయండి. ఎంటర్ నొక్కే ముందు కమాండ్‌ని పైకి చదవండి: ఈ నంబరు డిస్కు నుంచి, ఆ నంబరు డిస్కుకి. పక్కన ఇంకొకరు కూర్చుని వింటే ఇంకా మంచిది.

4 టెరాబైట్ల డిస్కు సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున సాఫీగా చదివితేనే ఏడున్నర గంటలు పడుతుంది. చెడ్డ సెక్టార్లు ఉంటే రోజులు పట్టవచ్చు. అందుకే టీమక్స్ (కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని ప్రోగ్రామ్) లోపల నడపండి, లేకపోతే ల్యాప్‌టాప్ నిద్రపోగానే ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ తెగి పని ఆగిపోతుంది. గమ్యం డిస్కు మూలంతో సమానమో పెద్దదో కావాలి. రెండిటి మీదా 4 టెరాబైట్లు అని ఉన్నా కొన్ని సెక్టార్లు తేడా ఉండొచ్చు, బైట్లలో చూసుకోండి. డిస్కుల మీదకి గాలి తగిలేలా ఫ్యాన్ పెట్టండి.

రెయిడ్ అయితే ఒక్కో డిస్కునీ విడివిడిగా కాపీ చేయాలి. అంత చోటు లేకపోతే ఒక మధ్యే మార్గం ఉంది: డివైస్ మ్యాపర్ స్నాప్‌షాట్‌తో ప్రతి డిస్కు మీదా ఒక ఓవర్‌లే వేయడం. చదివేది అసలు డిస్కు నుంచి, రాసేదంతా వేరే ఫైల్‌లోకి. రిపేర్ వికటిస్తే ఆ ఫైల్ తీసేస్తే చాలు, అసలు డిస్కు చెక్కు చెదరదు. డిస్కులు ఆరోగ్యంగా ఉండి, లోపల లెక్కలు మాత్రమే చెడినప్పుడే ఇది పనికొస్తుంది. చనిపోతున్న డిస్కు మీద వద్దు.

రెయిడ్ ఉంటే

ఎండీఏడీఎం ‘ఎగ్జామిన్’ కొట్టి ప్రతి డిస్కు వివరాలూ ఫైల్‌లో దాచుకోండి. అందులో ఈవెంట్స్ అనే అంకె చూడండి. అన్ని డిస్కుల్లో ఒకటే ఉంటే మంచిది, ఒకటో రెండో తేడా ఉన్నా ఫర్వాలేదు. ఒకదానిలో వేలల్లో వెనకబడి ఉంటే అది ఎప్పుడో జారిపోయిన డిస్కు, దాన్ని బలవంతంగా కలపకూడదు. ఆ రాత్రి నేను చూడాల్సిన అంకె అదే.

‘అసెంబుల్’ (ఉన్న రెయిడ్‌ని తిరిగి కలపడం) పనిచేయకపోతే ‘క్రియేట్’ (కొత్తగా తయారుచేయడం) కొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. డిస్కుల వరస, చంక్ సైజు, డేటా ఆఫ్‌సెట్‌లో ఏ ఒక్కటి తప్పినా డేటా మీద కొత్త ప్యారిటీ (పోయిన డేటాను తిరిగి లెక్కించడానికి వాడే సమాచారం) రాయడం మొదలవుతుంది. కాపీల మీద తప్ప ఆ పేరెత్తొద్దు. కొత్త డిస్కు పెట్టి రీబిల్డ్ మొదలుపెట్టడానికీ ఇది సమయం కాదు. రీబిల్డ్ మిగిలిన డిస్కులను ఈ చివర నుంచి ఆ చివరకు గంటల తరబడి చదివిస్తుంది. నీరసంగా ఉన్న రెండో డిస్కు పడిపోయేది సరిగ్గా అప్పుడే. పైగా చెడిన ఫైల్ సిస్టమ్‌ని రీబిల్డ్ బాగుచేయదు, చెడినదాన్ని చెడినట్టే తిరిగి కడుతుంది.

ఇప్పుడు కాపీ మీద రిపేర్

మీ ఫైల్ సిస్టమ్ రకం ఈఎక్స్‌టీ4 అయితే మొదట ఈ2ఎఫ్‌ఎస్‌సీకే (దాని ఎఫ్‌ఎస్‌సీకే) ‘మైనస్ ఎన్’. ఇది ఏమీ రాయదు, ఏం చేస్తుందో మాత్రం చెబుతుంది. తప్పులు పది, ఇరవై ఉంటే ఒక సంగతి, వేలల్లో పారుతుంటే ఇంకో సంగతి. వేలల్లో ఉంటే రెయిడ్ వరసో, పార్టిషన్ మొదలయ్యే చోటో తప్పి ఉండొచ్చు, రిపేర్ ఆపి అది చూడండి. రీడ్ ఓన్లీగా మౌంట్ చేసినా ఈఎక్స్‌టీ4 జర్నల్‌లో (చేయబోయే మార్పుల చిట్టాలో) మిగిలిన మార్పులను డిస్కు మీద రాస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. ‘ఆర్‌ఓ’తో పాటు ‘నోలోడ్’ కూడా ఇవ్వాలి. సూపర్‌బ్లాక్ (ఫైల్ సిస్టమ్ ముఖ్య వివరాలుండే బ్లాకు) పాడైతే 4 కేబీ బ్లాకుల ఫైల్ సిస్టమ్‌లో దాని మొదటి నకలు 32768వ బ్లాకులో ఉంటుంది. చివరికి నిజంగా రిపేర్ చేసేటప్పుడు ‘మైనస్ జెడ్’ ఇస్తే అన్‌డూ ఫైల్ తయారవుతుంది.

ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో భయపడాల్సింది ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ ‘మైనస్ ఎల్’కి. అది లాగ్‌ని (ఇదీ జర్నల్ లాంటిదే) సున్నా చేసేస్తుంది, చివరి నిమిషాల్లో జరిగిన మార్పులు పోతాయి. ముందు కాపీని మామూలుగా మౌంట్ చేసి లాగ్ దానంతట అదే సరిపడుతుందేమో చూడండి.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ‘చెక్ రిపేర్’ని చివరి అస్త్రంగా కూడా ఒంటరిగా వాడొద్దు. దాన్ని తెలిసినవాళ్లు చెబితే తప్ప నడపొద్దని దాని మాన్యువల్‌లోనే ఉంది. ముందు ‘ఆర్‌ఓ’, ‘రెస్క్యూ యూజ్‌బ్యాకప్‌రూట్’ ఆప్షన్లతో మౌంట్ ప్రయత్నించండి. అది కాకపోతే ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రిస్టోర్’ ఉంది, మౌంట్ చేయకుండానే ఫైళ్లను బయటకు లాగుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌కి అసలు ఎఫ్‌ఎస్‌సీకే లేదు. పూల్‌ను (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల గుంపును) రీడ్ ఓన్లీగా ఇంపోర్ట్ చేయండి. పూల్‌ను పాత స్థితికి వెనక్కి తిప్పాల్సి వస్తే ‘పెద్ద ఎఫ్’కి ముందుగా ‘చిన్న ఎన్’ జోడించి ఫలితం చూడండి.

మౌంట్ కాగానే సంబరపడి వదిలేయొద్దు. మొదటి పని ఫైళ్లను వేరే డిస్కుకి తీసుకోవడం, అదీ మళ్లీ ఎక్కడా దొరకనివి ముందు: కుటుంబ ఫొటోలు, పత్రాలు. సినిమాలు చివర్న. ఫైల్ పేరు, సైజు సరిగ్గా ఉన్నంత మాత్రాన లోపల బాగున్నట్టు కాదు, కొన్నిటిని తెరిచి చూడండి. లాస్ట్ అండ్ ఫౌండ్‌లో పడ్డవాటికి ‘ఫైల్’ కమాండ్ నడిపితే ఏది ఫొటోనో, ఏది పీడీఎఫ్‌నో చెబుతుంది. ఫొటోల లోపల తీసిన తేదీ ఉంటుంది కాబట్టి వాటిని సంవత్సరాల వారీగా మళ్లీ సర్దుకోవచ్చు. ఓపిక కావాలి, కానీ అవుతుంది.

రిపేర్ అయిన ఫైల్ సిస్టమ్‌నే మళ్లీ వాడుకోవద్దని నా సలహా. కొత్తగా ఫార్మాట్ చేసి, ఫైళ్లను అందులోకి తెచ్చుకోండి. అదే రోజు హెచ్చరిక మెయిల్స్ పెట్టండి, నిజంగా వస్తున్నాయో లేదో ఒక టెస్ట్ మెయిల్ పంపి చూడండి. ఎండీఏడీఎం ఎగ్జామిన్ వివరాలు, ఎల్‌వీఎం (డిస్కు చోటును భాగాలుగా పంచే ఏర్పాటు) కాన్ఫిగరేషన్ నకలు, ఎన్‌క్రిప్షన్ ఉంటే లక్స్ హెడర్ (తాళం వివరాలుండే భాగం) బ్యాకప్ సర్వర్ బయట దాచండి. లక్స్ హెడర్ పోతే పాస్‌వర్డ్ గుర్తున్నా డేటా రాదు.

పాత డిస్కులను మాత్రం వెంటనే తుడిచేయకండి. సీరియల్ నంబరు, తేదీ రాసి ఒక పెట్టెలో పెట్టండి. ఏదో ఒక ఫోల్డర్ లేదని ఇంట్లో ఎవరో ఒకరికి గుర్తొచ్చేసరికి రెండు మూడు నెలలు పడుతుంది.