ఒక్క పూటలో నగరం, ఊరి బయట పచ్చదనం చూపించడం ఎలా

గైడ్‌గా చేరిన కొత్తలో నేను ఒక పూట టూర్‌లో ఏడు చోట్లు పెట్టాను. నగరంలో నాలుగు, ఊరి బయట మూడు. కాగితం మీద చూస్తే నిండుగా కనిపించేది. ఒకరోజు తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో కూర్చున్న పెద్దావిడ ఫోన్‌లో ఫొటోలు ఒక్కొక్కటీ జరుపుతూ, "ఈ మెట్లు ఎక్కడివమ్మా? మొదట ఆగిన చోటివా, తర్వాతవా?" అని అడిగారు. ఆ మెట్లు ఆవిడ మోకాలు పట్టుకుని మరీ ఎక్కారు. ఎక్కి రెండు గంటలు కూడా కాలేదు. ఆ రాత్రే జాబితాలోంచి మూడు చోట్లు కొట్టేశాను.

ఇప్పటికి పదహారేళ్ళయింది. ఇన్నేళ్ళలో నాలుగు చోట్లకు మించి నేను మళ్ళీ పెట్టలేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకీ, బంధువులనో ఆఫీసు వాళ్ళనో ఒక పూట తిప్పాల్సిన బాధ్యత మీద పడ్డవాళ్ళకీ పనికొస్తుందని నా పద్ధతి రాస్తున్నాను.

ముందు నిమిషాల లెక్క

ఒక పూట అంటే ఐదు గంటలు, అంటే 300 నిమిషాలు. అందులో చూడటానికి మిగిలేది సగమే. నమ్మకపోతే మీరే వేసుకోండి. అందరూ ఒకచోట చేరడానికి 10 నిమిషాలు. ఇరవై మంది బండి దిగి మళ్ళీ ఎక్కడానికి ఒక్కో చోట 10 నిమిషాలు, నాలుగు చోట్లకి 40. టాయిలెట్లకీ మంచినీళ్ళకీ 20. రోడ్డు మీద 80. మొత్తం 150 అయిపోయాయి. మిగిలిన 150లో నేను నగరానికి 60, బయటి ప్రకృతికి 75 ఇస్తాను. చివరి 15 నిమిషాలు ఎవరికీ ఇవ్వను. ట్రాఫిక్‌కో, టికెట్ క్యూకో, ఎవరో చెప్పు తెగిందని ఆగిపోయినప్పుడో ఖర్చయ్యేవి అవే.

దూరం ఎక్కువైతేనే టూర్ అనే భ్రమ వదిలేయండి. ఇంగ్లండ్‌లో థామస్ కుక్ అనే ఆయన 1841 జూలై 5న దాదాపు 500 మందిని రైల్లో తీసుకెళ్ళింది లెస్టర్ నుంచి లాఫ్‌బరోకి, అంటే సుమారు 18 కిలోమీటర్లు. ట్రావెల్ వ్యాపారం చరిత్రలో ఈ రోజుకీ చెప్పుకునే ప్రయాణం అంత చిన్నది. ఒక పూట టూర్‌లో నగరం నడిబొడ్డు నుంచి అరగంటకి మించిన దూరంలో ఉన్న చోటుని, అది ఎంత అందమైనదైనా, నేను పెట్టుకోను.

నగరాన్నీ బయటనీ కలిపే దారం

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, అందుకే ఎక్కువ చెప్తాను. చాలా టూర్లు రెండు ముక్కలుగా ఉంటాయి. పొద్దున పాత కట్టడాలు, తర్వాత ఒక చెరువో కొండో. రెండింటికీ సంబంధం ఉండదు. చూసేవాళ్ళకి రెండు వేరు వేరు టూర్లకి వెళ్ళొచ్చినట్టు ఉంటుంది. కానీ ఏ నగరమూ తనంతట తాను బతకదు. దాని రాయి ఎక్కడినుంచో వచ్చింది, నీళ్ళు ఎక్కడినుంచో వస్తున్నాయి, కలప ఎక్కడో కొట్టారు. ఆ "ఎక్కడినుంచో" అన్నదాన్ని చూపించడానికే ఊరి బయటికి తీసుకెళ్ళాలి.

ఏథెన్స్‌లో పార్థెనాన్ గుడిని కట్టిన పాలరాయి నగరానికి ఈశాన్యంగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలోని పెంటెలికాన్ కొండది. క్రీ.పూ. 447లో పని మొదలైంది. ఆ రాతిలో కాస్త ఇనుము ఉంటుంది, అందుకే కాలం గడిచేకొద్దీ తెలుపు పోయి తేనె రంగు తిరిగింది. పొద్దున స్తంభాల దగ్గర ఆ రంగు చూసి, తర్వాత ఆ కొండ వైపు వెళ్తే మనిషికి రెండూ ఒకే కథ అని అర్థమవుతుంది. ఫ్రాన్స్‌లో నీమ్ నగరానికి రోమన్లు సుమారు 50 కిలోమీటర్ల కాలువ కట్టి నీళ్ళు తెచ్చారు. నగరంలో ఆ నీళ్ళు వచ్చి పడి, వాడలకి చీలిపోయిన గుండ్రటి రాతి తొట్టి ఇప్పటికీ ఉంది. బయట నది మీద ఆ కాలువని మోసిన పోన్ దు గార్ వంతెన ఉంది, దాదాపు 49 మీటర్ల ఎత్తు. తొట్టి చూసి వంతెన దగ్గరికి వెళ్ళినా, వంతెన చూసి తొట్టి దగ్గరికి వచ్చినా, ఆ పూటకి అదే దారం.

నా టూర్‌లో దారం రాయి. నగరంలో ఒక పాత గోడ దగ్గర ఆగుతాం. దాని అడుగు వరసలో, మోకాలి ఎత్తులో, కొన్ని రాళ్ళ అంచు మీద బొటనవేలు పట్టేంత గాట్లు వరసగా ఉంటాయి. చాలామంది వాటిని చూడకుండానే దాటిపోతారు. నేను అక్కడ ఏమీ వివరించను. "వేలు పెట్టి చూడండి, ఈ కొలత గుర్తుపెట్టుకోండి" అంటాను, అంతే. గంటన్నర తర్వాత ఊరి బయట పాత క్వారీకి వెళ్తాం. రాయి కొట్టడం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. గొయ్యిలో వాననీళ్ళు నిలిచి చెరువులా మారింది, చుట్టూ చెట్లు మొలిచాయి, లకుముకి పిట్ట ఒకటి ఎప్పుడూ అదే కొమ్మ మీద కూర్చుని నీళ్ళలోకి చూస్తూ ఉంటుంది. ఆ ఒడ్డున బండ మీద అవే గాట్లు, అదే వరస. వెనకటి వాళ్ళు బండ మీద ఇలా గుంటలు తొలిచి, వాటిలో చీలలు దిగగొట్టి రాయిని చీల్చేవాళ్ళు. చీలినప్పుడు ప్రతి గుంటా రెండు సగాలవుతుంది. ఒక సగం బండకి ఉండిపోతుంది, రెండోది రాయితో పాటు నగరానికి వెళ్ళిపోతుంది. ఒకసారి ఎనిమిదేళ్ళ పాప నాకంటే ముందే వెళ్ళి వేలు పెట్టి, "ఆంటీ, ఇందాక గోడకున్నది ఇదే!" అని అరిచింది. ఆ తర్వాత నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

మీ దారం నీళ్ళు కావచ్చు, పాత దారి కావచ్చు, ఒక చెట్టు కావచ్చు. దాన్ని దొరకబుచ్చుకునేదాకా చోట్లు ఎంచుకోకండి.

ఏది ముందు, ఏది తర్వాత

పొద్దున టూర్ అయితే నేను ప్రకృతిని ముందు పెడతాను. తెల్లవారిన మొదటి రెండు మూడు గంటల్లో పక్షులు బాగా కదులుతాయి, ఎండ ఉండదు, లోపలికి వెళ్ళి చూడాల్సిన కట్టడాలు ఎలాగూ అంత పొద్దున్నే తెరవరు. మధ్యాహ్నం టూర్ అయితే తిరగేస్తాను, ముందు నగరం, పొద్దు వాలే వేళకి ఊరి బయట. పైన చెప్పిన పాప సంగతి మధ్యాహ్నం టూర్‌లోదే. పొద్దున టూర్‌లో ముందు బండ మీద వేలు పెట్టిస్తాను, తర్వాత గోడ దగ్గర వెతకమంటాను. అలా వెతికించడమే నాకు ఎక్కువ ఇష్టం.

కట్టడం ముఖం ఏ దిక్కుకి ఉందో రాసుకోండి. తూర్పు ముఖం ఉన్నది మధ్యాహ్నం దాటాక నీడలోకి వెళ్ళిపోతుంది, చెక్కడాలు చదునుగా కనిపిస్తాయి. పక్కనుంచి వాలుగా వెలుతురు పడినప్పుడే రాతి మీది గీతలు లేచి నిలబడతాయి.

ముందే ఒకసారి నడవండి

టూర్ సోమవారమైతే ముందటి సోమవారమే, అదే గంటకి, ప్రతి చోటా దిగి కాలినడకన తిరిగి రండి. ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్న వీధి సోమవారం స్కూల్ బస్సులతో నిండిపోతుంది. సెలవు రోజు ఏది, మరమ్మతుల కోసం ఏ వైపు మూశారు, టాయిలెట్‌లో నీళ్ళు వస్తున్నాయా, నిలబడి మాట్లాడటానికి నీడ ఎక్కడుంది, మెట్లు ఎన్ని, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, ఇవన్నీ కాళ్ళతో వెళ్ళి తెలుసుకోవాల్సినవే.

నడకకి పర్వతారోహకులు వాడే పాత సూత్రం ఒకటుంది. స్కాట్లాండ్‌కి చెందిన విలియం నైస్మిత్ 1892లో చెప్పింది: సుమారు 5 కిలోమీటర్లకి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకి అదనంగా ఇంకో గంట. అది అలవాటున్న కాళ్ళకి వేసిన లెక్క. పిల్లలూ పెద్దవాళ్ళూ కలిసి ఉన్న గుంపుకి నేను గంటకి 3 కిలోమీటర్లే వేసుకుంటాను. ఎక్కుడు ఉంటే అంతకంటే తక్కువ.

నిలబడటం, మాట్లాడటం

ఎండ మీ కళ్ళలో పడాలి, వాళ్ళ కళ్ళలో కాదు. చివరి మనిషి వచ్చి నిలబడేదాకా నోరు తెరవకండి. వెనకబడేది ఎక్కువగా పెద్దవాళ్ళే. వాళ్ళు ఆయాసపడుతూ వచ్చేసరికి మీరు సగం చెప్పేసి ఉంటే వాళ్ళు ఆ పూటంతా సగం కథలే వింటారు.

ముందు కంటికి పని ఇవ్వండి, తర్వాత సంవత్సరం చెప్పండి. "ఈ మెట్టు మధ్యలో ఎందుకు అరిగింది, అంచులు ఎందుకు అరగలేదు?" అని అడిగితే అందరూ కిందకి చూస్తారు. వందల ఏళ్ళుగా మనుషులు మధ్యలోనే నడిచారని వాళ్ళే చెప్తారు. అప్పుడు ఎన్ని వందల ఏళ్ళో చెప్పండి, గుర్తుంటుంది. ఒక చోట రెండు తేదీలు చాలు. రాజుల వరస ఎంత బాగా వచ్చినా అప్పజెప్పకండి.

బండిలో మొదటి పది నిమిషాలు మాట్లాడి, తర్వాత ఊరుకోండి. కిటికీలోంచి చూసే టైమ్ వాళ్ళకీ కావాలి. నగరం ఎక్కడ అయిపోయి పొలాలు ఎక్కడ మొదలవుతాయో ఆ మలుపు దగ్గర మాత్రం ఒక్క మాట చెప్పండి.

లెక్క తప్పిన రోజు

గైడ్‌గా నా ఐదో ఏట అనుకుంటా. పద్దెనిమిది మంది. కోట దగ్గర చెట్టు నీడలో తలలు లెక్కపెట్టాను, సరిగ్గా పద్దెనిమిది. బయల్దేరాం. పది నిమిషాలయ్యాక ఒకాయన, "మా అమ్మ వెనక సీట్లో ఉందనుకున్నాను, లేదే" అన్నారు. నీడలో కూర్చున్న వేరే గుంపు మనిషిని కూడా కలిపి లెక్కపెట్టేశాను. వెనక్కి వెళ్ళేసరికి ఆవిడ టాయిలెట్ గోడ పక్కన చేతిసంచి గుండెలకి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఫోన్ బండిలోనే ఉంది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది.

అప్పటినుంచి బయట లెక్కపెట్టను. అందరూ సీట్లలో కూర్చున్నాకే లెక్క. దానికి తోడు మొదట్లోనే ఇద్దరిద్దరిని జతలు చేస్తాను, ఒకే ఇంటివాళ్ళని కాకుండా. ఇంటివాళ్ళు "ఎక్కే ఉంటుందిలే" అనుకుంటారు, కొత్త జత అలా అనుకోరు. ప్రతి ఒక్కరికీ నా నంబరు రాసిన కాగితం ముక్క జేబులో పెట్టిస్తాను.

ప్రకృతి దగ్గర

ఇక్కడ గైడ్ పని ఎక్కువగా వెనక్కి తగ్గడమే. క్వారీ చెరువు దగ్గర నేను మూడు నిమిషాలు ఎవరినీ మాట్లాడొద్దంటాను. మొదటి నిమిషం ఇబ్బందిగా కదులుతారు. రెండో నిమిషానికి తూనీగ రెక్కల చప్పుడు వినపడుతుంది. మూడో నిమిషానికి ఎవరో ఒకరు మెల్లగా వేలు చూపిస్తారు.

బైనాక్యులర్ ఒక్కటి ఉన్నా చాలు, 8x42 కొనండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 12 రెట్లది కొంటే కొత్తవాళ్ళ చేతిలో బొమ్మ వణుకుతుంది, పిట్ట దొరకదు. పక్షిని రప్పించడానికి ఫోన్‌లో దాని కూత వినిపించకండి. తన చోటులోకి ఇంకో పక్షి వచ్చిందనుకుని అది గూడు వదిలి పోట్లాటకి వస్తుంది. తిండి వేయొద్దు, పువ్వు కోయొద్దు, బాట దిగొద్దు. పొలం గట్టు మీద నడవాలంటే ఆ రైతుని ముందే అడగండి, తెరిచిన గేటు మళ్ళీ వేసి రండి.

బండిలో కడుపు తిప్పేవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోన్ పక్కన పెట్టి దూరంగా చూడమనండి. ఎండలో మనిషికి గంటకి అర లీటరు నీళ్ళయినా లెక్కవేసి పెట్టుకోండి. మెరుపు కనపడ్డాక 30 సెకన్ల లోపు ఉరుము వినపడితే పిడుగు దగ్గర్లోనే ఉన్నట్టు. చెట్టు కిందకి కాదు, తలుపులు మూసిన బండిలోకి ఎక్కించండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా దించకండి. ఆ చోటు పోయినా ఫర్వాలేదు.

చివరి పావుగంట

టైమ్ మిగిలితే ఇంకో చోటు చూపిద్దామని అనిపిస్తుంది. చూపించకండి. మిగిలిన టైమ్‌ని ఆఖరి చోటులోనే ఇచ్చేయండి. చెప్పిన గంటకి దించితే, రైలు పట్టుకోవాల్సినవాళ్ళకి టెన్షన్ ఉండదు.

దిగేటప్పుడు మీరు తలుపు దగ్గర నిలబడి, ఒక్కొక్కరినీ "ఏది బాగుంది?" అని కాదు, "ఏ చోట విసుగొచ్చింది?" అని అడగండి. మొహమాటపడతారు, అయినా ఇద్దరు ముగ్గురు చెప్తారు. అందరూ దిగాక సీట్ల కింద, కిటికీ అంచుల మీద ఒకసారి చేత్తో తడిమి చూడండి. కళ్ళజోళ్ళు అక్కడే ఉంటాయి. విసుగొచ్చిందన్న చోటు పేరు ఇంటికి వెళ్ళేలోపే రాసుకోండి. మూడు టూర్లలో మూడుసార్లు అదే పేరు వస్తే, ఆ చోటు కొట్టేయండి.