ఎముక తగ్గిన పళ్ళకు బలం, 5వ పాఠం: బలం సగం చేసినా పన్ను ఎందుకు వాలింది?

పోయిన పాఠంలో, పళ్ళు సర్దే వైర్ వేసేటప్పుడు చుట్టూ ఎముక తగ్గిన పంటి మీద బలం తగ్గించమన్నాను. తగ్గించారు. మీరు పంపిన ఎక్స్‌రేలన్నీ చూశాను. చాలావాటిలో జరిగింది ఒకటే: బలం 60 గ్రాముల నుంచి 30కి దించినా పై ముందు పన్ను కిరీటం (చిగురు బయట కనిపించే భాగం) వెనక్కి వచ్చింది, వేరు కొన ముందుకు పోయింది. "ఇంకా తగ్గించమంటారా సార్?" అని అడిగారు. వద్దు. లోపం మొమెంట్‌లో, అంటే పంటిని తిప్పే ప్రభావంలో ఉంది.

చిగుళ్ళ వాపు తగ్గి, ప్రోబ్ (చిగురు లోతు కొలిచే సన్నటి పరికరం) పెట్టినా రక్తం రావట్లేదని చూసుకున్నాకే వైర్ వేశారని నమ్ముతున్నాను. ఆ సంగతి మళ్ళీ ఎత్తను.

ఎముకలో 12 మిల్లీమీటర్ల వేరున్న పన్ను తీసుకోండి. బ్రాకెట్ (వైర్ పట్టుకోడానికి పంటికి అతికించే బిళ్ళ) నుంచి ఎముక అంచుకు 5.5 మిల్లీమీటర్లు. సెంటర్ ఆఫ్ రెజిస్టెన్స్, అంటే బలం సరిగ్గా దాని గుండా పోతే పన్ను వాలకుండా జరిగే బిందువు, ఎముక అంచు నుంచి సుమారు 40 శాతం లోతులో, అంటే 4.8 దగ్గర ఉంటుంది. మొత్తం దూరం 10.3. పన్ను వాలకుండా నిటారుగా జరగాలంటే మొమెంట్‌కీ బలానికీ నిష్పత్తి అంతే ఉండాలి.

ఇప్పుడు 4 మిల్లీమీటర్ల ఎముక పోయింది. మిగిలిన వేరు 8, అందులో 40 శాతం 3.2. ఎముక అంచు మాత్రం బ్రాకెట్‌కు 9.5 దూరానికి దిగిపోయింది. మొత్తం 12.7. వేరు కొనవైపు సన్నబడుతుంది కాబట్టి మూడోవంతు పొడవు పోతే లిగమెంట్ (వేరును ఎముకకు పట్టి ఉంచే పొర) వైశాల్యం అంతకంటే ఎక్కువే పోతుంది. అందుకే బలం సగం చేయమన్నాను. మొమెంట్ కూడా సగం చేస్తే (60 × 10.3లో సగం) 309 గ్రాము-మిల్లీమీటర్లు వస్తుంది. కావలసింది 30 × 12.7, అంటే 381.

అందరూ పడిన గుంట ఇదే, గట్టిగా చెప్పాల్సిందీ ఇక్కడే. బలం తగ్గించమంటే వెంటనే సన్నటి వైర్‌కి మారిపోతున్నారు. అదే లూప్ (వైర్‌లో వంచిన మెలిక), అదే వంపు, అదే యాక్టివేషన్ (లూప్ తెరిచే దూరం) ఉంచి వైర్ మాత్రం సన్నం చేస్తే బలం, మొమెంట్ రెండూ ఒకే పాళ్ళలో పడతాయి. నిష్పత్తి పాతదే, వాలడమూ పాతదే. గుండ్రటి వైర్ వేసినవాళ్ళ సంగతి ఇంకా కష్టం, అది ముందు పంటికి టార్క్ (వేరును తిప్పే మొమెంట్) అసలే ఇవ్వదు. వైర్ మార్చకండి. గేబుల్ బెండ్ (లూప్‌కి రెండు పక్కలా ఇంటి కప్పులా వేసే వంపు) అలాగే ఉంచి, లూప్ తెరిచే దూరం తగ్గించండి. బలం పడుతుంది, బెండ్ ఇచ్చే మొమెంట్ చాలావరకు నిలుస్తుంది.

నేను 17×25 (అంగుళంలో వెయ్యో వంతుల్లో) టీఎంఏ (టైటానియం మిశ్రలోహం) వైర్‌తో చేసిన టీ ఆకారపు లూప్ తప్ప వేరేది వాడను. ఇలాంటి పళ్ళకు పవర్ చైన్ (సాగే రబ్బరు గొలుసు) దగ్గరికి రానివ్వను, మొదటి రోజే దాని బలం బాగా పడిపోతుంది, మర్నాటికి ఎంత మిగిలిందో చెప్పలేం. లూప్ వేశాక తొందరపడి మళ్ళీ తెరవకండి. కిరీటం మొదట కదులుతుంది, లూప్ సడలేకొద్దీ నిష్పత్తి పెరిగి వేరు వెనకాలే వస్తుంది. ఆ సమయం దానికివ్వండి.

ఇంట్రూజన్‌కి (పన్నును ఎముకలోకి నెట్టడానికి) మామూలు పంటికే 10–20 గ్రాములు. ఇక్కడ అందులో సగం. ముందుకు వాలిన పన్నైతే బలం సెంటర్‌కి ముందునుంచి పోయి దాన్ని ఇంకా ముందుకు తోస్తుంది, వెనక్కి కట్టి ఉంచండి.

అభ్యాసం: పై కోరపన్ను. ఎముకలో మిగిలిన వేరు 9, బ్రాకెట్ నుంచి ఎముక అంచుకు 11, బలం 40 గ్రాములు. నిటారుగా జరగడానికి ఎంత మొమెంట్ కావాలి? లూప్ సడలి బలం 20కి దిగి, మొమెంట్ 450 దగ్గర నిలిస్తే పన్ను ఏ దశలో ఉన్నట్టు? బొమ్మ గీసి, కొలతలు రాసి పంపండి. మొదటి జవాబు 584కి బాగా తక్కువ వస్తే బ్రాకెట్ నుంచి కాకుండా సిమెంటో-ఎనామెల్ జంక్షన్ (కిరీటం, వేరు కలిసే గీత) నుంచి కొలిచి ఉంటారు.