ఇంట్లోనే నాలుగు ఫ్రెంచి వంటకాలు: ఎలా చేయాలి?

కిలో ఉల్లిపాయలను గంటకు పైగా సన్నని సెగ మీద మగ్గించే ఓపిక, మూడు గుడ్లను ఒక్క నిమిషంలో ఆమ్లెట్‌గా చుట్టి దించే చురుకు ఉన్నవారికి ఫ్రెంచి ఇంటి వంట కష్టమేమీ కాదు. పెద్ద హోటళ్లలో రకరకాల సాసులతో అలంకరించి వడ్డించే పళ్లేలను చూసి జంకుతాము గానీ, అక్కడి మామూలు ఇళ్లలో ఇష్టంగా వండుకొనే వాటిలో ఉల్లిపాయ సూపు, గుడ్డట్టు, వంకాయ కూర, మైదా అట్టు వంటివే ఎన్నో ఉన్నాయి. వీటిలో కారం, మసాలా దాదాపు ఉండవు కాబట్టి జరిగిన పొరపాటును కప్పిపుచ్చే దారి కూడా ఉండదు. సెగ ఎంత పెట్టాము, ఎంతసేపు ఉంచాము అన్న రెండు విషయాలే రుచిని తేలుస్తాయి.

ముందుగా వెన్న సంగతి

స్థూలంగా చెప్పాలంటే ఉత్తర ఫ్రాన్సు వంటకు వెన్న, దక్షిణాన ప్రొవాన్స్ వంటకు ఆలివ్ నూనె ఆధారం. అక్కడ మంచి వెన్నను సంప్రదాయంగా పులిసిన మీగడ నుంచి తీస్తారు. అందుచేత పెరుగు మీగడను చిలికి తీసిన మన వెన్నపూస ఈ వంటలకు చక్కగా అతుకుతుంది. అయితే దానిని చల్లని నీటిలో రెండు మూడు సార్లు కడిగి, లోపల మిగిలిన మజ్జిగను పిండివేయాలి. లేకపోతే పెనం మీద చిటపటలాడి త్వరగా మాడుతుంది. కొన్న వెన్న వాడేవారు అందులో ఉప్పు ముందే కలిపి ఉందేమో చూసుకొని, వంటకంలో వేసే ఉప్పును తగ్గించుకోవాలి. నెయ్యి వాడవద్దని నా సలహా. నెయ్యి ఎంత మంచిదైనా దాని వాసన మిగతా రుచులన్నింటి మీదా పెత్తనం చేస్తుంది.

ఉల్లిపాయ సూపు

పారిస్ నడిబొడ్డున ఉన్న లే ఆల్ అనే పెద్ద టోకు మార్కెట్టును 1969లో నగరం వెలుపల ఉన్న రంజీస్‌కు తరలించారు. అంతకు ముందు, రాత్రంతా అక్కడ బస్తాలు మోసిన కూలీలు తెల్లవారుజామున వేడివేడిగా తాగిన సూపుగా దీనికి పేరు. ఎండిపోయిన రొట్టె, చవకగా దొరికే ఉల్లిపాయలు, మిగిలిన చీజ్ ముక్క కలిస్తే ఈ వంటకం అయింది.

నలుగురికి కిలో ఉల్లిపాయలు, 50 గ్రాముల వెన్న, ఒక పెద్ద చెంచా మైదా, సుమారు 1.2 లీటర్ల స్టాక్ (ఎముకలు గానీ కూరగాయలు గానీ ఉడికించి వడకట్టిన నీరు), తైమ్ అనే సువాసన ఆకు రెమ్మలు రెండు మూడు, ఎనిమిది రొట్టె ముక్కలు, 150 గ్రాముల చీజ్ తురుము కావాలి. గ్రుయేర్ గానీ కోంతే గానీ దొరికితే అంతకన్నా మంచిది లేదు. దొరకనప్పుడు మోజరెల్లా, చెడ్డార్ సమంగా కలిపి వాడవచ్చు. ఫ్రాన్సులో ఎక్కువగా గొడ్డు మాంసపు ఎముకలు ఉడికించిన స్టాక్ పోస్తారు. కోడి ఎముకలతో చేసినదైనా సరిపోతుంది. శాకాహారులు క్యారెట్లు, ఉల్లిపాయలు, కొన్ని పుట్టగొడుగులు, పది మిరియాల గింజలు వేసి ముప్పావు గంట ఉడికించి వడకట్టుకోవచ్చు. బే ఆకు, అంటే లారెల్ ఆకు వేయమని చాలా వంటకాల్లో చెబుతారు. మన బిర్యానీ ఆకు అది కాదు. బిర్యానీ ఆకు దాల్చినచెక్క చెట్టు బంధువు, వాసన కూడా ఆ దారిదే. లారెల్ ఆకు దొరకకపోతే అసలు ఆకే మానేయడం మేలు.

ఉల్లిపాయలను నిలువుగా సగానికి కోసి, గడ్డ పొడవునా 3 మిల్లీమీటర్ల మందంతో చీలికలుగా తరగాలి. మందపాటి అడుగున్న వెడల్పాటి గిన్నెలో వెన్న కరగనిచ్చి, ఉల్లిపాయలన్నీ వేసి, అర చెంచా ఉప్పు చల్లి, మూతపెట్టి సన్నని సెగ మీద పావుగంట వదిలేయాలి. ఉప్పు వల్ల ముక్కలు నీరు వదిలి, కుప్ప సగానికి దిగుతుంది. అసలు పని మూత తీశాక మొదలవుతుంది. మొదటి ఇరవై నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది: నీరు ఇగురుతుంది, ముక్కలు పారదర్శకంగా మారి మెత్తబడతాయి. ఆ తరువాత అంచుల నుంచి లేత పసుపు, తేనె రంగు, చివరకు చింతపండు గుజ్జు వంటి ముదురు గోధుమ రంగు వరుసగా వస్తాయి. దీనికి 45 నిమిషాల నుంచి గంట వరకు పడుతుంది. అయిదు నిమిషాలకోసారి కలపాలి. గిన్నె అడుగున గోధుమ రంగు పొర అంటుకున్నప్పుడల్లా రెండు చెంచాల నీళ్లు చిలకరించి చెక్క గరిటెతో గీకితే, ఆ పొర కరిగి ఉల్లిపాయలకే పడుతుంది. ఆ పొరే సూపుకు రంగూ రుచీ ఇస్తుంది.

మొదటిసారి చేసినప్పుడు పదిహేను నిమిషాల్లో ఉల్లిపాయలు ఎర్రబడతాయన్న మాట ఎక్కడో చదివి, నమ్మి, సెగ పెంచాను. ముక్కలు అంచుల్లో నల్లబడ్డాయి, మధ్యలో పచ్చిగానే ఉన్నాయి. సూపు చేదెక్కి, నలుగురు అతిథుల ముందు తలదించుకోవలసి వచ్చింది. పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుందని రాసిన పద్ధతిని నేను మళ్లీ నమ్మలేదు.

రంగు వచ్చాక మైదా చల్లి, పచ్చి వాసన పోయేలా రెండు నిమిషాలు వేయించాలి. అక్కడ ఈ దశలో అరకప్పు తెల్ల వైన్ పోస్తారు. వైన్ వద్దనుకునేవారు ఒక చెంచా వెనిగర్ వేసుకుంటే తీపిని విరిచే పులుపు అందుతుంది. తరువాత వేడి స్టాక్ పోసి, తైమ్ వేసి, అరగంట మెల్లగా మరగనివ్వాలి. ఈలోగా రొట్టె ముక్కలను పెనం మీద రెండు వైపులా గట్టిగా కాల్చుకోవాలి. మెత్తటి రొట్టె అయితే సూపులో పడగానే పేస్టులా అవుతుంది. వేడికి తట్టుకునే గిన్నెల్లో సూపు పోసి, రొట్టె తేల్చి, చీజ్ కప్పి, ఓవెన్ గ్రిల్ కింద మూడు నాలుగు నిమిషాలు ఉంచితే చీజ్ బుడగలు వేస్తూ అక్కడక్కడ గోధుమ మచ్చలు తేలుతుంది. ఓవెన్ లేనివారు కాల్చిన రొట్టె మీదే చీజ్ పరచి, పెనం మీద మూతపెట్టి కరిగించి, దానిని సూపు మీద తేల్చుకోవచ్చు. పైమచ్చలు రావు గానీ రుచికి పెద్ద లోటు ఉండదు.

ఆమ్లెట్

సూపుకు గంటన్నర పడితే దీనికి నిమిషం చాలు. ఆ నిమిషంలో ఫోను మోగినా ఎత్తకూడదు. పేరొందిన వంటవాడు ఒగుస్త్ ఎస్కాఫియే చెప్పినదాని ప్రకారం ఆమ్లెట్ అంటే మెత్తగా కలియబెట్టిన గుడ్డును, గట్టిపడిన గుడ్డు పొరలోనే చుట్టి పెట్టడం. అందువల్ల బయట నున్నగా, లేత పసుపు రంగులో, ఎక్కడా ఎర్రబడకుండా ఉండాలి, లోపల కాస్త జారుగా ఉండాలి. అంచులు కరకరలాడే మన ఆమ్లెట్‌కు అలవాటుపడిన నాలుకకు ఇది మొదట ఉడకనట్టే తోస్తుంది.

ఒక మనిషికి మూడు గుడ్లు, 15 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు తీసుకోవాలి. 20 నుంచి 22 సెంటీమీటర్ల వెడల్పున్న అంటుకోని పెనం కావాలి. గుడ్లను ఫోర్కుతో తెల్లసొన, పచ్చసొన కలిసేవరకు మాత్రమే కొట్టాలి, నురగ రానివ్వకూడదు. పెనం మధ్యస్థమైన సెగకు కాస్త పైన పెట్టి వెన్న వేస్తే అది కరిగి నురుగు వస్తుంది. ఆ నురుగు అణగుతూ ఉన్నప్పుడు, వెన్నకు ఇంకా రంగు రాకముందే గుడ్లన్నీ ఒక్కసారిగా పోయాలి. ఎడమ చేత్తో పెనాన్ని ముందుకూ వెనక్కూ ఊపుతూ, కుడి చేత్తో చెక్క గరిటెతో గుడ్డును ఆగకుండా కలియబెట్టాలి. ఇరవై, ముప్పై సెకన్లలో అది విరిగిన పాలలా మెత్తటి చిన్న గడ్డలు కడుతుంది. పైన ఇంకా తడి మెరుస్తూ ఉండగానే కలపడం ఆపి, పెనమంతా సమంగా సర్ది, సెగ తగ్గించి అయిదు సెకన్లు కదపకుండా ఉంచితే కింద పలుచని పొర కడుతుంది.

ఇప్పుడు పెనాన్ని ముందుకు వంచి, పిడి వైపు అంచును మూడో వంతు మేర మధ్యకు మడవాలి. పిడి మీద పిడికిలితో రెండు దెబ్బలు వేస్తే ఎదుటి అంచు పైకి లేస్తుంది, దానిని కూడా లోపలికి మడిచి, పెనాన్ని పళ్లెం మీదికి బోర్లించాలి. మడత కిందికి పోయి, పైన నున్నటి చుట్ట కనిపిస్తుంది. మడత చెదిరినా కంగారు పడనవసరం లేదు. శుభ్రమైన గుడ్డ కప్పి చేత్తో ఒత్తితే ఆకారం కుదురుతుంది. సన్నగా తరిగిన పార్స్‌లీ గానీ, చైవ్స్ బదులు లేత ఉల్లికాడలు గానీ గుడ్లలో ముందే కలపవచ్చు. కొత్తిమీర, పచ్చిమిర్చి వేస్తే మంచి ఆమ్లెట్టే వస్తుంది, కానీ అది మన ఆమ్లెట్. గర్భిణులకు, చిన్నపిల్లలకు, వృద్ధులకు మాత్రం లోపల జారు లేకుండా పూర్తిగా ఉడికించే పెట్టాలి.

ఫ్రాన్సులో అందరూ ఇలాగే చేస్తారని కాదు. నార్మండీ తీరాన మోం సెయింట్ మిషేల్‌లో 1888 నుంచి పేరున్న మేర్ పులార్ భోజనశాలలో గుడ్లను రాగి గిన్నెల్లో చాలాసేపు గిలకొట్టి, నురగ పొంగించి, కట్టెల పొయ్యి మీద ఉబ్బిన ఆమ్లెట్ వేస్తారు. పైన నేను నురగ వద్దన్నది చుట్టే ఆమ్లెట్‌కు వర్తించే మాట.

రాటాటూయ్

ఇది నీస్ నగరం వైపు వంటకం. వంకాయ, జుకీని (కీరదోసలా కనిపించే గుమ్మడి జాతి కాయ), కాప్సికం, టమాటా, ఉల్లిపాయ కలిపిన కూర. నలుగురికి వంకాయలు, జుకీని చెరి 400 గ్రాములు, రెండు కాప్సికంలు, అర కిలో పండిన టమాటాలు, పెద్ద ఉల్లిపాయ ఒకటి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఆరేడు పెద్ద చెంచాల ఆలివ్ నూనె, తైమ్ సరిపోతాయి. అన్నీ ఒకే మూకుట్లో వేసి ఉడికిస్తే ఏ కాయ రుచి దానికి ఉండదు. కాబట్టి దేనికది విడిగా వేయించి, చివర్లో కలపడమే ఇందులోని కిటుకు.

వంకాయ ముక్కలను మన అలవాటు ప్రకారం ఉప్పునీటిలో వేయకూడదు. నీరు పీల్చిన ముక్క నూనెలో ఎర్రబడదు, ఉడికిపోయి ముద్దవుతుంది. కోసిన వెంటనే ఉప్పు చల్లి ఇరవై నిమిషాలు జల్లెడలో ఉంచి, బయటికి వచ్చిన తడిని పొడిగుడ్డతో అద్ది వేయించాలి. వంకాయలను అన్ని వైపులా రంగు వచ్చేలా వేయించి తీశాక, అదే మూకుట్లో జుకీని, ఆ తరువాత కాప్సికం వేయించి తీయాలి. చివరగా ఉల్లిపాయ మెత్తబడేదాకా మగ్గించి, వెల్లుల్లి, తొక్క తీసిన టమాటాలు, తైమ్ వేసి చిక్కబడనివ్వాలి. అప్పుడు అన్నీ కలిపి, ఉప్పు, మిరియాల పొడి వేసి, పదిహేను నిమిషాలు సన్నని సెగ మీద ఉంచితే చాలు. పలుచని చక్రాలు కోసి పూలరేకుల్లా పేర్చే రకం చూడటానికి బాగుంటుంది, అయితే ఇంటి కూర అది కాదు. ఈ కూర మర్నాడు ఇంకా బాగుంటుంది, చల్లగా తిన్నా బాగుంటుంది. కనుక అతిథులు వచ్చే ముందురోజే చేసిపెట్టుకోవచ్చు.

క్రేప్

బ్రిటనీ ప్రాంతంలో బక్‌వీట్ అనే గింజల పిండితో చేసే ఉప్పటి అట్టును గలెట్ అని, మైదాతో చేసే తియ్యటి అట్టును క్రేప్ అని అంటారు. ఫిబ్రవరి 2న వచ్చే షాందెలర్ పండుగ నాడు దేశమంతటా క్రేపులు వేసుకుంటారు. ఒక చేతిలో నాణెం పట్టుకొని, రెండో చేత్తో అట్టును గాలిలోకి ఎగరేసి తిప్పితే ఏడాదంతా డబ్బుకు కొదవ ఉండదని వారి నమ్మకం.

పావుకిలో మైదాలో చిటికెడు ఉప్పు, ఒక చెంచా చక్కెర కలిపి, మధ్యలో గుంట చేసి నాలుగు గుడ్లు కొట్టి వేయాలి. అర లీటరు పాలను కొద్దికొద్దిగా పోస్తూ మధ్య నుంచి అంచులకు కలుపుకుంటూ పోతే ఉండలు కట్టదు. కరిగించిన 50 గ్రాముల వెన్న చివర్లో కలపాలి. ఈ పిండిని గంటసేపు కదపకుండా ఉంచాలి. ఆ వ్యవధిలో మైదా తడిని పూర్తిగా పీల్చుకుంటుంది, కలిపినప్పుడు వచ్చిన సాగుడు కూడా తగ్గుతుంది. వెంటనే వేస్తే అట్టు రబ్బరులా వస్తుంది. మన దోసెకు పిండి పులియాలి, దీనికి ఊరడం చాలు.

పెనానికి వెన్న పలుచగా రాసి, చిన్న గరిటెడు పిండి పోయాలి. ఇక్కడ దోసె అలవాటును పక్కన పెట్టాలి: గరిటెతో తిప్పకుండా, పెనాన్నే ఎత్తి చుట్టూ వంచితే పిండి తనంతట తాను పలుచగా పరుచుకుంటుంది. అంచులు లేచి, కింద గోధుమ చారలు వచ్చాక, అంటే నిమిషానికి, అట్లకాడతో తిరగేసి అర నిమిషం ఉంచాలి. మొదటి అట్టు చెడిపోవడం అక్కడా మామూలే, పెనం వేడి కుదిరేది రెండో దాని నుంచి. ఈ కొలతకు పదిహేను దాకా వస్తాయి. చక్కెర చల్లి నిమ్మరసం పిండుకున్నవి నాకు అన్నిటికన్నా ఇష్టం. పిల్లలు జామ్ పూసినవే అడుగుతారు. మిగిలిన పిండిని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటికి కాస్త గట్టిపడుతుంది, నాలుగు చెంచాల పాలు కలిపితే మళ్లీ జారుగా అవుతుంది.