బోరుకు హైడ్రోఫ్రాక్చరింగ్ చేయించే ముందు

ఏప్రిల్ వస్తే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన ఇళ్లలో ఒకటే మాట: “బోరు గాలి కక్కుతోంది, బండిని పిలుద్దామా?” కొత్త బోరు బదులు పాతదానికే హైడ్రోఫ్రాక్చరింగ్ చేయించడం మంచి ఆలోచనే. అయితే అది నీళ్లు పుట్టించదు. రాతిలో ఉన్న సన్నని పగుళ్లను నీటి ఒత్తిడితో తెరిచి, పేరుకున్న మట్టిని కడుగుతుంది, అంతే. సముద్రంలో చమురు బావులకు చేసేదీ ఈ తరహా పనే. అక్కడ తెరిచిన పగులు మళ్లీ మూసుకోకుండా ఇసుక కూడా పంపుతారు. మన గట్టి రాతిలో సాధారణంగా ఆ అవసరం పడదు.

ముందుగా బోరు తవ్విన నాటి చీటీ వెతకండి. కేసింగ్ (పైమట్టి కూలకుండా దించే పైపు) ఎన్ని అడుగులు, గట్టి రాయి ఎక్కడ తగిలింది? ఈ కొండల్లో ఖోండలైటు రాయి పైభాగం చాలాచోట్ల పుచ్చి మెత్తబడి ఉంటుంది. ఒత్తిడిని ఆపే ప్యాకర్‌ను అలాంటి చోట బిగిస్తే నీరు పక్క నుంచి పైకి తన్నుతుంది, గోడలు కూలి బోరే పూడిపోవచ్చు. కేసింగ్ కంటే బాగా కింద, పగులు లేని రాతిలోనే బిగించమనండి. గట్టి రాయే తగలని బోరుకు ఈ ఖర్చు దండగ.

మోటారు పైకి తీసే ముందే బకెట్టు, గడియారం పెట్టి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో రాసుకోండి. లేకపోతే తరువాత ఊట పెరిగిందా లేదా అన్న వాదనే మిగులుతుంది. మోటారు తీశాక తాడుకు బరువు కట్టి లోతు చూడండి. పూడిక ఉంటే మొదట కంప్రెసరుతో ఊదించండి. కొన్ని బోర్లకు అదే చాలు. ఆ మాట బండివాళ్లు తమంతట తాము చెప్పరు!

లోపలికి పంపేది శుభ్రమైన నీరే కావాలి. మా మేనమామ ఇంట్లో తొందరపడి చెరువు నీళ్లు కొట్టించారు. రెండు వారాలు పాచి వాసన పోలేదు.

పని జరుగుతున్నప్పుడు గొట్టం దగ్గరకు పిల్లలను రానివ్వకండి, అది ఊడితే మనిషిని పడగొడుతుంది. పక్కింటివారికి ముందే చెప్పండి, పగుళ్లు కలిస్తే వారి బోరులోనూ బురద రావచ్చు. ఒత్తిడి చూపే మీటరు ముల్లు పైకి పోయి ఒక్కసారిగా పడితే పగులు తెరుచుకుందని అనుకోవచ్చు. అసలు ఎక్కకపోతే ప్యాకర్ పక్క నుంచి నీరు కారుతోందేమో అడగండి.

తరువాత నీరు తేటపడేదాకా తోడించి, క్లోరిన్‌తో శుద్ధి చేయించి, పరీక్ష చేయించాకే తాగండి. పెద్ద మోటారు మాత్రం అప్పుడే కొనకండి. వానాకాలంలో కనిపించే ఊట వేరు, మే నెలలో మిగిలే ఊట వేరు.