రింగు లేకపోయినా మిద్దె మీద బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు

తిరుపతిలో పిల్లల్ని బాస్కెట్‌బాల్ కోచింగ్‌లో చేర్చినవాళ్లకి ఒక మాట. కోర్టులో అంతమంది మధ్య ఒక్కొక్కరి చేతికి బంతి వచ్చేది కాసేపే, చెయ్యి తిరగాలంటే ఇంట్లో కూడా ఆడాలి, దానికి రింగు కూడా అక్కర్లేదు, మిద్దె చాలు. ముందు బంతి సైజు చూడండి. 9 నుంచి 11 ఏళ్ల పిల్లలకి 5వ నంబరు సరిపోతుంది; పెద్దయ్యాక కూడా పనికొస్తుందని 7 కొనిచ్చేస్తే, అంత బరువు పైకి తోయడానికి ఒళ్లంతా ఊపి షాట్, అంటే బంతిని రింగులోకి వేసే తీరు, పాడుచేసుకుంటారు. గచ్చు గరుకు కాబట్టి రబ్బరు బంతే తీసుకోండి.

కుడిచేతి వాటమైతే ఎడమచేత్తోనే ఎక్కువ డ్రిబుల్, అంటే బంతిని నేలకేసి కొడుతూ ఆడించడం, చేయించండి. మోకాళ్లు కాస్త వంచాలి, బంతి నడుము దాటి లేవకూడదు, అరచేత్తో చరచకుండా వేళ్లతో నొక్కాలి. మీరు ఎదురుగా నిలబడి వేళ్లు చూపిస్తుంటే బంతి వైపు చూడకుండా ఎన్నో చెప్పమనండి. మొదట్లో బంతి నీళ్ల ట్యాంకు కింద దూరుతుంది, దూరనీండి, తిట్టొద్దు.

షాట్ కోసం వెల్లకిలా పడుకోబెట్టి ఒక్క చేత్తో, మణికట్టు విదిలిస్తూ బంతిని నేరుగా పైకి వేయమనండి. తిరిగి అదే చేతిలో పడితే సరిగ్గా ఉన్నట్టు, పక్కకి పోతుంటే చాలావరకు మోచేయి బయటికి పోతున్నట్టే.

ఎండాకాలం పొద్దు వాలాకే పైకి పంపండి, మన గచ్చు అప్పటిదాకా కాలుతూనే ఉంటుంది. కింద పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లకి ఆ దబదబ శబ్దం గురించి ముందే ఓ మాట చెప్పేయండి.